ఇంటిలో ఒక పనిచోటు

కలానికి గౌరవమిచ్చే సంప్రదాయాలలో పెరిగినవారం మనం. దివ్య ఖురాన్‌లో 68వ అధ్యాయానికి 'కలం' అనే పేరున్నది. దసరా నాటి ఆయుధపూజలో కలమూ, పుస్తకమూ పూజలందుకోవడం తెలుగునాట ఎరిగినదే. అయితే ఆ కలం పట్టినవారికి ఇంటిలో చోటెక్కడ అన్న ప్రశ్న మాత్రం మనం తరచుగా వేసుకోము. వంటకు ఒక గది ఉన్నది. పూజకో, నమాజుకో ఒక మూల ఉన్నది. అతిథులకు ముందుగది ఉన్నది. చదువుకొనడానికీ, వ్రాసుకొనడానికీ, ఉపాధికై పనిచేసుకొనడానికీ ఒక నిర్ణీతమైన చోటు గల ఇండ్లు మాత్రం మన బస్తీలలో అరుదు.

2020 మార్చి నెలాఖరున దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు ఈ లోటు ఒక్కసారిగా బయటపడింది. కార్యాలయాలూ, కళాశాలలూ ఇండ్లలోకి తరలివచ్చాయి. మంచంపై ఒకరు, మెట్లపై ఒకరు, వంటగది గడపలో మరొకరు కూర్చుని పాఠాలు విన్నారు, పనులు చేశారు. ఆ నిర్బంధం తొలగిపోయినా ఇంటినుండి పనిచేసే అలవాటు కొంత నిలిచిపోయింది. పోటీపరీక్షలకు చదివేవారు, ట్యూషన్లు చెప్పేవారు, కంప్యూటరుపై అనువాదమో లెక్కలో చేసేవారు, కుట్టుపనితో సంసారం నడిపేవారు అందరూ ఇంటిలోనే పనిచేస్తున్నారు. కనుక తక్కువ ఖర్చుతో, చిన్న ఇంటిలో, ఒంటికి బాధ కలగని పనిచోటును ఎట్లు ఏర్పరచుకోవచ్చునో ఈ వ్యాసంలో వివరింపదలచాము.

పూర్వులు కూర్చున్న తీరు

బల్లా, కుర్చీ మన ఇండ్లకు ఆలస్యంగా వచ్చిన వస్తువులు. తాళపత్రంపై గంటంతో వ్రాసినవారు ఆకును ఎడమచేత పట్టుకొని వ్రాసేవారు. గ్రామ కరణం నేలపై కూర్చుని లెక్కలు వ్రాసేవాడు. ఉర్దూ పత్రికల కాతిబ్‌లు నేలపై కూర్చుని, పైకెత్తిన మోకాలికి అట్టను ఆనించుకొని నస్తాలీఖ్ లిపిని ముత్యాల వలె తీర్చేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటరు లిపి, 1994లో ఇన్‌పేజ్ వచ్చిన తరువాత ఆ పని క్రమంగా యంత్రానికి మారింది. పరికరం మారినా కూర్చునే దేహం మారలేదు.

ఆ దేహానికి కలిగే బాధలను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని ముఖ్యుడు. వృత్తుల వలన కలిగే రోగాలపై ఆయన గ్రంథం 1700లో వెలువడింది. ఎడతెగక కూర్చొనడం, చేతిని ఒకే రీతిగా కదిలించడం, తప్పు దొర్లకూడదని మనస్సుపై పడే ఒత్తిడి — లేఖకుల రోగాలకు ఈ మూడే కారణాలని ఆయన వ్రాశాడు. మూడు శతాబ్దాలు గడచినా ఈ మూటికి నాల్గవది చేర్చవలసిన పని అంతగా లేదు. 1857లో పోలండ్ దేశపు శాస్త్రజ్ఞుడు వోయ్‌చెహ్ యస్ట్‌షెంబోవ్‌స్కీ ఇట్టి విచారణకు 'ఎర్గానమిక్స్' అని పేరు పెట్టాడు. పనిని మనిషికి అనువుగా అమర్చాలి గాని, పనికోసం మనిషిని వంచరాదన్నది నేడు ఆ శాస్త్రానికి మూలసూత్రం.

ఎత్తు, దూరం

కుర్చీలో కూర్చునేవారికి ఆసనం ఎత్తు 16 నుండి 18 అంగుళాలు, బల్ల ఎత్తు 28 నుండి 30 అంగుళాలు సాధారణంగా సరిపోతాయి. కాని ఈ కొలతలు అందరికీ ఒక్కటి కావు. పాదాలు రెండూ నేలపై పూర్తిగా ఆనాలి. మోచేయి దాదాపు సమకోణంలో వంగి, ముంజేయి బల్లపై తేలికగా నిలవాలి. భుజాలు పైకి లేవరాదు. పొట్టివారికి కాళ్లు గాలిలో వ్రేలాడితే తొడల క్రింది భాగం ఒత్తుకొని తిమ్మిరెక్కుతుంది. అట్టివారు పాదాల క్రింద వంటింటి పీటను వేసుకుంటే చాలు. నడుము వంపులో మడిచిన తువ్వాలునో, చిన్న దిండునో ఉంచుకుంటే వెన్నుకు ఆధారం దొరుకుతుంది.

పుస్తకం గాని, కంప్యూటరు తెర గాని కంటికి ఎంత దిగువన ఉంటే మెడ అంతగా వంగుతుంది. ఈ సంగతి మన పెద్దలు ఎరుగుదురు. ఖురాన్ పఠనానికి వాడే రిహల్, పురాణపఠనానికి వాడే వ్యాసపీఠం ఆకారంలో దాదాపు ఒక్కటే. రెండూ గ్రంథాన్ని నేలనుండి ఎత్తి, వాలుగా నిలిపి, కంటికి చేరువ చేస్తాయి. గౌరవం కోసం చేసిన ఏర్పాటులో మెడకు మేలు కూడ ఇమిడి ఉన్నది.

ల్యాప్‌టాప్‌లో తెరా, మీటలూ ఒకే చోట అతుక్కొని ఉండడం చిక్కు. చేతులకు అనువుగా పెడితే తెర దిగువనై మెడ వంగుతుంది. కంటికి అనువుగా ఎత్తితే చేతులు పైకి లేస్తాయి. కనుక గంటల తరబడి పనిచేసేవారు నాలుగైదు లావు పుస్తకాలపై దానిని ఎత్తి, తెర పైఅంచు కంటికి సమంగానో, కొంచెం దిగువగానో నిలిపి, వేరుగా కొన్న కీబోర్డును బల్లపై ఉంచుకోవాలి. తెర చాచిన చేయంత దూరంలో ఉంటే మేలు.

నేలపై కూర్చోవడం అలవాటైనవారు కుర్చీకోసం బెంగపడనక్కరలేదు. మడతపెట్టిన దుప్పటిపై కూర్చుంటే తుంటి మోకాళ్లకంటె కొంచెం ఎత్తుగా ఉండి వెన్ను నిటారుగా నిలుస్తుంది. గోడకు వీపు ఆనించి, మోచేతి ఎత్తుకు సరిపడే చిన్న బల్లను ముందుంచుకోవాలి. అయితే ఏ ఆసనమైనా అరగంట దాటితే భారమే. లేచి నాలుగడుగులు వేయడం, మంచినీళ్లు త్రాగి రావడం పనికి విఘ్నం కావు, పనిలో భాగమే.

వెలుతురు

కుడిచేతితో వ్రాసేవారికి వెలుతురు ఎడమప్రక్కనుండి రావాలని బడిలోనే చెబుతారు. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగుతుంది గదా, మరి నియమం మారదా అని సందేహం కలుగవచ్చు. మారదు. వ్రాత ఎటు సాగినా కలం మొన చేతికి ఎడమవైపునే ఉంటుంది. వెలుతురు ఎడమనుండి వస్తే చేతినీడ మొనపై పడదు. ఎడమచేతివాటం వారికి మాత్రం ఇది తారుమారవుతుంది.

తెర ముందు కూర్చునేవారికి కిటికీ ప్రక్కన ఉండాలి. వీపు వెనుక ఉంటే తెరపై మెరుపు పడుతుంది. ఎదుట ఉంటే కన్ను వెలుగుకూ, తెరకూ మధ్య అలసిపోతుంది. హైదరాబాదు ఉత్తర అక్షాంశం 17 డిగ్రీలకు కొంచెం పైన ఉన్నది. సంవత్సరంలో ఎక్కువ కాలం మధ్యాహ్న సూర్యుడు దక్షిణంగా ఉండడం వలన ఉత్తరపు కిటికీ నుండి చల్లని, నిలుకడైన వెలుతురు వస్తుంది. మే రెండవ వారం నుండి జూలై చివరి వరకు మాత్రం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా నడుస్తాడు. పడమటి కిటికీకి ఎండకాలంలో దళసరి తెరగాని, తడిపిన వట్టివేళ్ల తడికగాని తప్పదు.

రాత్రివేళ కప్పుకు వ్రేలాడే దీపం మన వెనుకనుండి వెలిగి మన నీడనే పుస్తకంపై పడవేస్తుంది. చదువుకూ, వ్రాతకూ 300 నుండి 500 లక్సుల వెలుతురు కావాలంటారు. చిన్న దీపాన్ని రెండింతల దూరానికి జరిపితే వెలుతురు నాల్గవ వంతుకు తగ్గిపోతుంది. కనుక పెద్ద దీపం దూరంగా ఉండడం కంటె చిన్న దీపం దగ్గరగా ఉండడం లాభం. మెడ వంచగల చిన్న ఎల్.ఇ.డి. దీపాన్ని అడుగున్నర ఎత్తున, కంటికి సూటిగా తగలకుండ అమర్చుకుంటే కరెంటు ఖర్చూ తక్కువే. గోడకు తెల్లసున్నం వేయిస్తే అదే వెలుతురు గది అంతా పరచుకుంటుంది. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడడం కంటికి విశ్రాంతి. గది అంత పెద్దది కాకపోతే కిటికీలోనుండి ఎదురింటి వేపచెట్టును చూసినా చాలును.

విద్యుత్తు, శబ్దం

ల్యాప్‌టాప్‌ను పరుపుపైనా, దిండుపైనా ఉంచితే గాలిరంధ్రాలు మూసుకొని వేడెక్కుతుంది. ఎర్తింగ్ ఉన్న మూడుపిన్నుల సాకెట్టునే వాడాలి. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మరొకటి తగిలించడం ప్రమాదం. తీగలు నడకదారికి అడ్డంగా కాక గోడవెంట సాగాలి. శబ్దాన్ని పూర్తిగా ఆపలేము గాని, వాకిలికీ వంటగదికీ దూరంగా గోడవైపు ముఖం పెట్టి కూర్చుంటే, దళసరి తెర ఒకటి వ్రేలాడదీస్తే, ధ్యాస చెదరడం తగ్గుతుంది. పని ముగియగానే కాగితాలూ, పరికరాలూ ఒక పెట్టెలో సర్ది మూత వేయాలి. అప్పుడు గది తిరిగి ఇల్లవుతుంది, మనస్సూ పనినుండి విడివడుతుంది.

ఆ చోటు ఎవరిది?

ఇంతవరకు చెప్పినవన్నీ కొలతలు. అసలు చిక్కు కొలతలలో లేదు. స్త్రీ సాహిత్యరచన చేయాలంటే ఆమెకు కొంత ఆదాయమూ, తనదైన ఒక గదీ ఉండాలని ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రకటించిన గ్రంథంలో వాదించింది. మన ఇండ్లలో గది మాట అటుంచి, తనదైన మూల కూడ చాలమందికి లేదు. కొడుకు పరీక్షకు చదువుతుంటే ఇల్లంతా గుసగుసగా మాట్లాడుతుంది. కూతురు అదే పరీక్షకు చదువుతుంటే, తలుపు చప్పుడైన ప్రతిసారీ ఆమెయే లేవాలి, చాయ్ పెట్టాలి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. ఇద్దరికీ పుస్తకం ఒకటే, పరీక్ష ఒకటే. కూర్చునే చోటు మాత్రం ఒకటి కాదు.

ఇంటినుండి పనిచేయడం 2020లో పుట్టిన వింత కూడ కాదు. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలు, పాతబస్తీలో మగ్గంపై జర్దోజీ కుట్టేవారు తరతరాలుగా ఇంటినే కర్మాగారం చేసుకొని బ్రతుకుతున్నారు. ఇట్టి పనివారికి ఇతర శ్రామికులతో సమానమైన ఆదరణ లభించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. రమజ్జీని చెప్పిన మూడు కారణాలూ వీరి విషయంలోనూ నిజమే. పొగాకు ధూళికి గాలాడే చోటు, వంటకూ పసిపిల్లలకూ ఎడం కావాలి. జర్దోజీ మగ్గానికి ఎడమప్రక్క వెలుతురు, వీపుకు ఆధారం కావాలి. కంప్యూటరు ముందు కూర్చునే కొడుకుకు దిండు తెచ్చిచ్చే ఇల్లు, బీడీల చేట ముందు కూర్చున్న తల్లి వీపు వెనుక కూడ ఒక దిండు పెట్టాలి గదా!

చోటు చాలనప్పుడు వేళను పంచుకోవడమే ఉపాయం. ఒకే మూల, ఒకే బల్ల, ఒకే దీపం. ఫజర్ నమాజు తరువాత పరీక్షకు చదివే అమ్మాయికి రెండు గంటలు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగిన వేళ తల్లి పనికి. సాయంత్రం చిన్నపిల్లల హోంవర్కుకు. రాత్రి తండ్రి లెక్కలకు. ఈ వేళలను ఒక కాగితంపై తెలుగులోనో, ఉర్దూలోనో వ్రాసి గోడకు అంటించాలి. ఆ వేళలో కూర్చున్నవారిని ఎవరూ లేపకూడదని ఇంటివారందరూ ఒప్పుకోవాలి. వెయ్యి రూపాయల కుర్చీ కంటె ఈ ఒప్పందం విలువైనదని మా అభిప్రాయం.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు ఒక టేపు తీసుకొని కిటికీనుండి గోడకెంత, నేలనుండి బల్లకెంత అని కొలవండి. దీపాన్ని ఒక అడుగు దగ్గరకు జరపండి. అటుపిమ్మట, మీ ఇంటిలో ఎవరు ఎక్కువసేపు పనిచేస్తున్నారో, ఎవరికి కూర్చునే చోటు లేదో గమనించండి. మొదటి వేళను వారి పేరనే వ్రాయండి.