ఇంటికొచ్చే ఆశక్కను ఆదరించండి

మేళ్లచెరువు తల్లులారా! కాన్పయి ఇంటికి చేరగానే గండం గడిచిందనుకోకండి. పసిబిడ్డకు మొదటి నెలే గడ్డుకాలం.

అందుకే 2011 నుంచి ఆశ కార్యకర్త బాలింతల ఇంటికే వస్తున్నది. ఆమె సర్కారు ఉద్యోగి కాదు, మీ మధ్య మెలిగే స్వచ్ఛంద సేవకురాలు. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, మొత్తం 6 సార్లు వస్తుంది. బిడ్డను తూస్తుంది, జ్వరం చూస్తుంది, పాలిచ్చే తీరు చెబుతుంది.

బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, ఎగశ్వాస వచ్చినా ఆమె వచ్చే రోజు దాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కూలికి పోతేగాని పొయ్యి వెలగని ఇల్లా? సిగ్గుపడక ఆమెతో చెప్పండి. కాన్పుకూ కాన్పుకూ 3 ఏండ్ల ఎడం ఉంటే తల్లి ఒళ్లు కోలుకుంటుంది. నిరోధ్, మాత్రలు, కాపర్-టి, 3 నెలలకోసారి వేసే అంతర సూది సర్కారు దవాఖానలో ఉచితం.

అత్తగారూ! ఆమెను వాకిట్లోంచే పంపకండి. పీట వేసి కూర్చోబెట్టి, చెప్పింది వినండి.