బ్యాండు వాయించిన సోదరులు

సేద్యమును, యంత్రవిద్యను నేర్పుటకై వెలసిన కళాశాలలో బాకాకును డోలుకును గౌరవమెక్కడిది? అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున, స్టిల్‌వాటర్ పట్టణపు వ్యవసాయ, యాంత్రిక కళాశాలలో ఆ గౌరవమునకు బాటవేసినవాడు ఒక విద్యార్థి. పేరు విలియమ్ స్క్రాగ్స్. కళాశాల బ్యాండునకు అధ్యక్షుడు.

ఆ దేశపు కళాశాలలలో గ్రీకు అక్షరములే పేర్లుగా గల విద్యార్థి సోదర సంఘములు పెక్కు కలవు. వాద్యకారులకును అట్టిదొకటి యుండవలెననియు, అది బ్యాండునకు తోడ్పడవలెననియు స్క్రాగ్స్ తలచెను. సహాధ్యాయి ఫ్రాంక్ మార్టిన్ చేయి కలిపెను. బ్యాండు గురువైన బొహుమిల్ మకోవ్‌స్కీ బొహీమియాలో జన్మించి, 1915లో ఆ కళాశాలకు వచ్చినవాడు. శిష్యుల మాటను త్రోసిపుచ్చక, ఆయన పదిమంది మేటి వాద్యకారులను తానే ఏరి యిచ్చెను. 1919 నవంబరు 27వ తేదీన 'కప్పా కప్పా సై' పుట్టెను. తలపు శిష్యునిది, అండ గురువుది. అన్ని విద్యాలయములలోను ఇట్టి పొత్తు కుదురదు.

అయితే ఆ గుమ్మము స్త్రీలకు తెరువబడలేదు. వారును అవే వాద్యములు వాయించుచుండిరి గదా! టెక్సాస్ టెక్ కళాశాల బ్యాండులోని వేవా బేన్స్ అను విద్యార్థిని పూనికవలన స్త్రీలకు 'టావ్ బీటా సిగ్మా' అను వేరొక సంఘము ఏర్పడెను. అచటి నియమములు అడ్డుపడుటచే, 1946లో దాని తొలి శాఖ స్టిల్‌వాటర్‌లోనే వెలసెను.

విద్యాలయములలో స్త్రీపురుష భేదమును నిషేధించు చట్టము 1972లో వచ్చెను. సోదర సంఘము స్త్రీలను చేర్చుకొన్నది 1977లో. అప్పటికి దాని వయస్సు 58 ఏండ్లు.