కొత్త హోటలుపై తొలి తీర్పు

తిరుపతి పట్టణమున కొర్లగుంటయందో, బైరాగిపట్టెడయందో, కరకంబాడి మార్గమునందో ఒక కొత్త హోటలు తలుపులు తెరచినదనగా, గుమ్మమునకు కట్టిన మామిడాకులు వాడకమునుపే దానిపై తీర్పు వెలువడుచున్నది. సాంబారు నీళ్లని ఒకరు, దోశ పులిసినదని వేరొకరు, సర్వరు పిలిచినను పలుకడని మరియొకరు పెదవి విరిచెదరు. పూర్వము ఈ మాట వీథి చివరి టీ అంగడితో ఆగెడిది; ఇప్పుడు తిన్నవాడు చేయి కడుగుకొనిన మరుక్షణమే ఫోనులో నక్షత్రముల లెక్కగా ఊరెల్ల తెలియుచున్నది.

యాత్రికులపై బ్రతుకు హోటలు వేరు, పేటపై బ్రతుకు హోటలు వేరు. రైలు స్టేషను చుట్టుపట్లనో, గోవిందరాజస్వామి సన్నిధి వీథులయందో నేడు భోజనము చేసినవాడు రేపటికి తన ఊరు చేరును. అతని విసుగును అతనితోడనే పోవును. పేట హోటలుకో, 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు విద్యార్థులు, రుయా ఆసుపత్రిలో రోగులకు తోడున్న బంధువులు, వంట చేసికొన తీరిక లేని ఉద్యోగులు దినదినమును వచ్చువారే దిక్కు. కనుక వీరి నోటి మాట దానికి మరింత గట్టిగా తగులును.

ఇచ్చట వంటవానికి వేరొక చిక్కు కూడ కలదు. చిత్తూరు సీమవానికి చెనిక్కాయలతో నూరిన ఊరుబిండి ఘాటుగా నుండవలెను. అరవదేశమునుండి వచ్చినవాడు తన యింటి సాంబారును వెదకును. ఉత్తరాది యాత్రికుడు ఒక్క మిరపకాయ కొరికి కన్నీరు పెట్టుకొనును. ముగ్గురును ఒకే బల్లయొద్ద కూర్చున్నప్పుడు, ఒకే గిన్నెలోని కూర చప్పన అనియు, కారమనియు, వింతగా నున్నదనియు ఒకేమారు నింద పడుట నేను విన్నాను. వీనిలో ఏది సత్యమని ఆ మాస్టరు నమ్మవలెను?

కొత్త హోటలు తొలి మాసములలో తడబడుటకు కారణములు చాలవఱకు వంటింటిలోనే యున్నవి. ఇనుప పెనము నూనె త్రాగి నునుపెక్కువఱకు దోశ అంటుకొనుచునే యుండును. చలికాలమున రాత్రియంతయు పొంగవలసిన పిండి, మన వేసవి యెండలకు కొద్ది గంటలలోనే పులిసిపోవును. ఆ లెక్క ఆ గదికి, ఆ గాలికి అలవాటు పడిననే తెలియును. అన్నిటికంటె కష్టమైనది జనసంఖ్యను అంచనా కట్టుట. ఎంతమంది వత్తురో తెలియదు గనుక తక్కువ వండి "అయిపోయింది సార్" అని చెప్పుటయో, ఎక్కువ వండి మిగిలినదానిని మరల వేడి చేయుటయో జరుగుచుండును. మొదటిది మన్నింపదగినది. రెండవది కాదు.

రుచినిగూర్చిన తీర్పులు ఎంత అస్థిరములో చూపుటకు శ్రీనాథునివని చెప్పుకొను చాటువు లున్నవి. కన్నడ రాజాస్థానమునకు పోయిన ఆ కవిసార్వభౌముడు వెల్లుల్లిని, నువ్వుల పిండిని తినవలసి వచ్చెననియు, చల్ల కలిపిన అంబలి త్రావవలసి వచ్చెననియు రాజ్యలక్ష్మితోనే మొరపెట్టుకొనెనట. ఆ అంబలియే, దాని తోబుట్టువైన రాగి సంగటియే, నేడు పలమనేరు, మదనపల్లె మార్గములలో హోటలు బోర్డులపై పెద్ద అక్షరములతో వెలయుచున్నవి; నాటుకోడి పులుసుతో కలిపి వాటికి పలుకు ధర విన్నచో శ్రీనాథుడు మరియొక చాటువు చెప్పి యుండెడివాడు. అతని నింద అంబలి దోషము కాదు, అలవాటులేమి.

అయినను, ఓర్పునకు హద్దు కలదు. బెంగుళూరులో పేరొందిన రామేశ్వరం కెఫె 2024 ఆరంభమున హైదరాబాదు మాదాపూరులో శాఖ తెరచినది. ఆ మే నెల 23న తెలంగాణ ఆహారభద్రతాధికారులు తనిఖీ చేసి, మార్చితోనే గడువు తీరిన 100 కిలోల మినపపప్పు దొరకినదని ప్రకటించిరి. ఆ మూటలు విప్పనివనియు, వాడనివనియు యాజమాన్యము బదులు చెప్పినది. ఎవరి మాట యెట్లున్నను, ఇది నాలుకతో తేల్చదగిన వివాదము కాదు. తేదీ చూచి, తూకము వేసి తేల్చవలసినది. 2006 నాటి ఆహారభద్రతా చట్టము అందులకే యున్నది. వేడి పదార్థమును 60 డిగ్రీలకు తగ్గకుండ, చల్లనిదానిని 5 డిగ్రీలు మించకుండ ఉంచవలెను. మరిగి మరిగి చెడిన నూనెలో పోలార్ పదార్థములు 25 శాతము దాటిన పారబోయవలెను. 14 అంకెల లైసెన్సు సంఖ్య అందఱికి కనబడునట్లు తగిలింపవలెను. వీనిని పాటింపనివానికి కొత్తవాడనెడి మినహాయింపు లేదు.

కావున పాఠకులకు నాదొక మనవి. ఉప్పు తగ్గినను, చట్నీ పలుచనైనను, నక్షత్రములు కోసివేయకమునుపు గల్లాపెట్టె దగ్గఱ కూర్చున్నవానికి ఆ మాట ఒకమారు నెమ్మదిగా చెప్పి, మాసము గడచిన పిమ్మట మరల పోయి తినుడు. పాచి వాసన వచ్చినను, పురుగు కనబడినను గల్లాపెట్టెతో వాదులాడక, బిల్లు దాచుకొని ఆహారభద్రతా సంస్థవారి ఉచిత సంఖ్య 1800 112 100కు ఫోను చేయుడు.