పలక మీద లెక్క ఎందుకు తప్పింది?

మీరు ఎప్పుడైనా టిఫిన్ హోటలులో కూర్చుని వంటగది వైపు చూశారా? వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ఒక పెద్ద కిటికీ, ఆ కిటికీలో ఒక బల్ల ఉంటాయి. వంటమాస్టరు దోసె వేసి, ప్లేటులో పెట్టి, బల్ల మీదికి తోస్తాడు. సర్వరు వచ్చి ప్లేటు అందుకుని వెళ్ళిపోతాడు. సర్వరు వచ్చేదాకా మాస్టరు పెనం ఆర్పుకుని కూర్చోడు. దోసె కాలేదాకా సర్వరు పెనం పక్కన నిలబడడు. ఎవరి వేగం వారిది. ఇద్దరి పనినీ కలిపేది ఆ బల్ల ఒక్కటే.

కంప్యూటరులో కూడా ఇలాంటి బల్లలు ఎన్నో ఉన్నాయంటే మీరు నమ్ముతారా? కీబోర్డు మీద మీరు గబగబా అక్షరాలు నొక్కుతారు. అవి ఒక వరుసలో నిలబడతాయి. ప్రోగ్రాము వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని తెరమీద చూపిస్తుంది. సెల్‌ఫోనులో సినిమా చూసేటప్పుడు ఒక పని నెట్ నుంచి బొమ్మలను తెచ్చి పేరుస్తుంటే, మరొక పని వాటిని తీసి చూపిస్తుంటుంది. బొమ్మ ఆగిపోయి తెరమీద చక్రం గిరగిరా తిరుగుతోందంటే, బల్ల ఖాళీ అయిందన్నమాట!

తెచ్చిపెట్టే పనిని ఉత్పత్తిదారు అనీ, తీసుకుని వాడే పనిని వినియోగదారు అనీ అంటారు. ఒకే ప్రోగ్రాములో ఇలా పక్కపక్కనే నడిచే పనులకు థ్రెడ్‌లు అని పేరు. థ్రెడ్ అంటే దారం. దారాలు రెండైతే చిక్కుపడే అవకాశం కూడా ఉంటుంది కదూ! ఆ చిక్కు ఎలా పడుతుందో, దాన్ని ఎలా విప్పారో ఇప్పుడు చూద్దాం.

చిక్కు ఎక్కడ పడింది?

మన హోటలు బల్ల మీద ఎనిమిది ప్లేట్లు మాత్రమే పడతాయనుకోండి. ఎన్ని ఉన్నాయో తెలియడానికి పక్కనే ఒక పలక వేలాడదీశారు. ప్లేటు పెట్టినప్పుడు మాస్టరు పలక మీది అంకెకు ఒకటి కలపాలి. తీసినప్పుడు సర్వరు ఒకటి తగ్గించాలి. ఇంతకంటే సులువైన లెక్క ఉంటుందా?

కాని ఒకటి కలపడం ఒక్క పని కాదు, మూడు పనులు. పలక చూడాలి. మనసులో ఒకటి కలుపుకోవాలి. పాత అంకె చెరిపి కొత్త అంకె రాయాలి. ఇప్పుడు పలక మీద 5 ఉంది. మాస్టరు ప్లేటు పెట్టి, పలక చూసి, "ఆరు" అనుకున్నాడు. రాయబోయేంతలో పెనం మీద దోసె మాడు వాసన వేసింది. అటు తిరిగాడు. ఈలోగా సర్వరు వచ్చి ఒక ప్లేటు తీశాడు. పలక చూశాడు. 5 ఉంది. చెరిపి 4 రాసి వెళ్ళిపోయాడు. మాస్టరు దోసె తిరగేసి వచ్చి, తాను అనుకున్న 6 రాశాడు. బల్ల మీద నిజంగా ఉన్నవి అయిదు ప్లేట్లు. పలక చెప్పేది ఆరు!

ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. అయినా లెక్క తప్పింది. కంప్యూటరులోనూ ఇంతే. మెమరీలోని అంకెను ప్రాసెసరులోకి తెచ్చుకోవాలి, ఒకటి కలపాలి, తిరిగి మెమరీలో రాయాలి. ఈ మూడింటి మధ్యలో ఇంకొక థ్రెడ్ దూరితే పైన జరిగిందే జరుగుతుంది. ఇది ప్రతిసారీ జరగదు. లక్షసార్లు సరిగ్గా నడిచిన ప్రోగ్రాము ఆ తరువాతిసారి తప్పవచ్చు. మళ్ళీ పరీక్షించి చూస్తే ఏ తప్పూ కనబడకపోవచ్చు. ఎవరు ముందు, ఎవరు వెనుక అనే పందెం మీద ఫలితం ఆధారపడుతుంది గనుక దీన్ని రేస్ కండిషన్ అంటారు.

అయిదు కోట్లమంది చీకటిలో

"ఒక ప్లేటు తేడా వస్తే ఏమైంది?" అని మీరు అడగవచ్చు. 2003 ఆగస్టు 14న జరిగిన సంగతి వినండి.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక విద్యుత్ నియంత్రణ గదిలో ప్రమాద హెచ్చరికలు చేసే ప్రోగ్రాము ఒకటి ఉండేది. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల పద్నాలుగు నిమిషాల ప్రాంతంలో అది మూగబోయింది. ఒకే సమాచారపు పట్టికలో రెండు పనులు ఒకేసారి రాయడంతో ఆ పట్టిక చెడిపోయి, ప్రోగ్రాము ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయిందని తరువాత వారాల తరబడి వెతికితే తేలింది. వచ్చే సమాచారం వస్తూనే ఉంది. తీసుకునేవారు లేరు. వరుస పెరిగి పెరిగి, అరగంట లోపే ఆ కంప్యూటరు కూలిపోయింది. దాని బదులు పని అందుకున్న రెండవ కంప్యూటరు కూడా పదమూడు నిమిషాలకు పడిపోయింది.

గదిలోని ఉద్యోగులకు హెచ్చరికలు ఆగిపోయాయని తెలియలేదు. గంట మోగడంలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నారు. బయట మాత్రం చెట్లు తగిలి పెద్ద పెద్ద విద్యుత్ తీగలు ఒకదాని తరువాత ఒకటి పనిచేయడం మానేశాయి. సాయంత్రం నాలుగు దాటేసరికి అమెరికాలో ఎనిమిది రాష్ట్రాలలోనూ, కెనడాలోని అంటారియోలోనూ కలిపి సుమారు అయిదు కోట్ల మందికి కరెంటు పోయింది. తీగల కింద చెట్లు కొట్టకపోవడం వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. అయినా సకాలంలో గంట మోగి ఉంటే ఆ ఉద్యోగులు మేలుకునేవారు.

రైలు సిగ్నల్ నుంచి వచ్చిన ఉపాయం

ఈ చిక్కును విప్పే ఉపాయం అప్పటికే నలభై ఏళ్ళ నాటిది. చెప్పినవారు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. ఆయన 1930లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నగరంలో పుట్టారు. ఐంధోవెన్‌లో ఆచార్యుడుగా ఉంటూ, ఒకే యంత్రం మీద అనేక పనులు ఒకదాన్నొకటి చెడగొట్టకుండా నడిచే పద్ధతిని తన బృందంతో కలిసి నిర్మించారు. 1972లో ఆయనకు ట్యూరింగ్ బహుమతి లభించింది.

పూర్వం రైలు పట్టాల పక్కన స్తంభానికి రెక్క ఉన్న సిగ్నల్ ఉండేది. రెక్క అడ్డంగా ఉంటే రైలు ఆగాలి. ఆ సిగ్నల్ పేరే సెమాఫోర్. డైక్‌స్ట్రా తన ఉపాయానికి ఆ పేరే పెట్టారు. మన హోటలులో దాన్ని అమలుపెడదాం.

పలక తీసేయండి. దాని బదులు రెండు గిన్నెలు పెట్టండి. ఒకటి 'ఖాళీ' గిన్నె. అందులో మొదట ఎనిమిది బిళ్ళలు ఉంటాయి, బల్ల మీద ఎనిమిది చోట్లు ఖాళీ కదా! రెండవది 'నిండు' గిన్నె. అందులో మొదట ఏమీ ఉండదు. వీటితోపాటు బల్లకు ఒకే ఒక తాళంచెవి.

మాస్టరు ఖాళీ గిన్నెలోంచి ఒక బిళ్ళ తీస్తాడు. తాళంచెవి అందుకుంటాడు. ప్లేటు పెడతాడు. చెవి తిరిగి ఇచ్చేస్తాడు. నిండు గిన్నెలో బిళ్ళ వేస్తాడు. సర్వరు దీనికి తిరగేసి చేస్తాడు. నిండు గిన్నెలోంచి బిళ్ళ, తాళంచెవి, ప్లేటు తీయడం, చెవి ఇచ్చేయడం, ఖాళీ గిన్నెలో బిళ్ళ.

గిన్నెలో బిళ్ళ లేకపోతే? అక్కడే ఒక బెంచీ మీద నిద్రపోవాలి. బిళ్ళ వేసినవారు తట్టి లేపుతారు. "ఉందా? ఉందా?" అని క్షణక్షణం తొంగిచూస్తూ ఉంటే ప్రాసెసరు కాలమంతా వృథా అవుతుంది. నిద్రపోతే ఆ కాలం ఇంకొక పనికి ఉపయోగపడుతుంది.

బిళ్ళ తీయడం ఒక్క చేష్ట. దాని మధ్యలో ఎవరూ దూరలేరు. ఇలా మధ్యలో తెగని చేష్టలను ప్రాసెసరులోనే ఏర్పాటు చేస్తారు. బిళ్ళ తీయడానికి డైక్‌స్ట్రా పి అనీ, వేయడానికి వి అనీ పేర్లు పెట్టారు. డచ్చి భాషలో 'పెంచు' అనే మాటకు మొదటి అక్షరం వి.

ఒక చిన్న చిక్కు ప్రశ్న

మాస్టరు ముందుగా తాళంచెవి తీసుకుని, ఆ తరువాత ఖాళీ బిళ్ళ కోసం చూస్తే ఏమవుతుంది? కొంచెం ఆలోచించి ముందుకు చదవండి.

బల్ల నిండి ఉందనుకోండి. మాస్టరు చెవి జేబులో వేసుకుని బెంచీ మీద నిద్రపోతాడు. సర్వరు ప్లేటు తీస్తేనే ఖాళీ బిళ్ళ పడుతుంది. ప్లేటు తీయాలంటే తాళంచెవి కావాలి. చెవి మాస్టరు జేబులో ఉంది! ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. హాలులో కూర్చున్నవారు ఆకలితో లేచిపోతారు. దీన్ని డెడ్‌లాక్ అంటారు. చేసే పనులు అవే, వరుస మారింది. అంతే!

ఇప్పుడు ప్రోగ్రాములు రాసేవారు ఈ గిన్నెలూ బిళ్ళలూ ప్రతిసారీ సొంతంగా అమర్చుకోనక్కరలేదు. 2004లో వచ్చిన జావా అయిదవ రూపంలో ఇలాంటి వరుసలు తయారుగా దొరికాయి. పైథాన్ భాషలోనూ ఉన్నాయి. పెట్టడం, తీయడం అనే రెండు మాటలు రాస్తే చాలు. కావలింపులూ నిద్రలూ మేలుకొలుపులూ ఆ వరుసే చూసుకుంటుంది.

మీరూ చేసి చూడండి

ఒక పెట్టె, కొన్ని చింతగింజలు, ఒక పలక తెచ్చుకోండి. ఒకరు గింజ వేసి పలక మీద ఒకటి కలపాలి. ఇంకొకరు గింజ తీసి ఒకటి తగ్గించాలి. అయితే ఇద్దరూ పలక చూశాక, రాయబోయే ముందు ఒకసారి తమచుట్టూ తాము తిరగాలి. ఒకరికోసం ఒకరు ఆగకూడదు. ఇరవైసార్లు ఆడి, పెట్టెలోని గింజలు లెక్కపెట్టి పలకతో పోల్చండి. తరువాత పలక తీసేసి, రెండు గిన్నెలూ ఒక తాళంచెవితో మళ్ళీ ఆడండి. ఈసారి మీ ఇష్టం వచ్చినన్నిసార్లు తిరగండి, మూడవ స్నేహితుణ్ణి కూడా చేర్చుకోండి. నిండు గిన్నెలో ఎన్ని బిళ్ళలున్నాయో, పెట్టెలో అన్ని గింజలుంటాయి!