రక్తము పట్టించునది పొడి డబ్బాయా, ఎర్ర మాత్రయా?



కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతములలోని మన మగ్గపు ఇండ్లలో ఒక ఖర్చు పెరుగుచున్నది. బలము వచ్చును, రక్తము పట్టును అని చెప్పి అమ్మెడి పొడి డబ్బాలు, మాత్రల సీసాలే ఆ ఖర్చు. మన సభ్యుడొకరు, కండెలు చుట్టుచున్న ఇల్లాలికి కళ్లు తిరుగుచున్నవని, వారపు కూలిలో సగము పెట్టి ఒక డబ్బా కొనిరి. రెండు డబ్బాలు అయినను నీరసము తీరలేదు. తుదకు ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తము పరీక్షింపగా రక్తహీనత అని తేలినది. అక్కడ ఇచ్చిన ఎర్ర మాత్రలకు కానీ ఖర్చు లేదు.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు.

గర్భిణులకిచ్చు ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. ఇనుము రక్తమునకు ఎరుపునిచ్చు పదార్థమును తయారుచేయును. ఫోలిక్ ఆమ్లము క్రొత్త రక్తకణములు పుట్టుటకు అవసరము.

ఈ ఫోలిక్ ఆమ్లము కథలో మనవారి పాలు కలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశీలించెను. ఈస్టు సారము తినిపించగా వారు కోలుకొనుట చూచి 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసినది. దానిని 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు పెద్ద, భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేతపని స్త్రీల జబ్బుతో మొదలైన మందు ఒక తెలుగువాని చేతి మీదుగా లోకమునకు అందినది.

గర్భిణులు నాలుగవ నెల నుండి దినమునకు ఒక మాత్ర చొప్పున 180 దినములు, కాన్పు తరువాత మరల 180 దినములు తీసుకొనవలెను. బిడ్డను కోరువారు గర్భము రాకమునుపే వైద్యుని అడిగి ఫోలిక్ ఆమ్లము మొదలుపెట్టిన, బిడ్డకు వెన్నుపాము లోపములు కలుగు భయము చాలవరకు తగ్గును. మాత్రకు ముందు వెనుక ఒక గంట కాఫీ, టీ త్రాగరాదు; అవి ఇనుమును ఒంటికి పట్టనీయవు. నిమ్మరసము, ఉసిరికాయ మేలు. మలము నల్లబడినచో భయపడి మానవద్దు. మాత్రలను పసిపిల్లలకు అందనీయరాదు. ఎక్కువ మింగినచో ప్రాణాపాయము.

అయితే ప్రతి నీరసమునకు ఇనుమే మందు కాదు. మాంసము ముట్టని ఇండ్లలో బి12 విటమిను కొరత రావచ్చును. పాలు, పెరుగు తప్ప శాకాహారములో అది దొరకుట అరుదు. ఆ కొరతయుండగా ఫోలిక్ ఆమ్లమొక్కటే వాడిన రక్తము బాగుపడినట్లే కనిపించి, నరములు లోలోపల చెడును. పొద్దంతయు గుంటమగ్గములో నీడపట్టున ఉండువారికి డి విటమిను కూడ తగ్గవచ్చును. కాబట్టి ముందు పరీక్ష, పిమ్మట మాత్ర. స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణులకు 11కు, పురుషులకు 13కు తగ్గినచో రక్తహీనత అని అర్థము.

ఇక డబ్బాల మాట. "ఆరోగ్య పానీయము" అను పేరునకు మన ఆహార చట్టములో నిర్వచనమే లేదని, ఆ పేరు క్రింద పానీయములను చూపరాదని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు తెలియజేసినది. పలు డబ్బాలలో చక్కెర పాలు ఎక్కువ. కొనుటకు ముందు వెనుకనున్న పట్టిక చదువుడు.

2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలై మిట్టాయి మన ముంగిట దొరకునదే. వేరుశనగ నూరు గ్రాములలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు కలవు. అయితే అందులో బెల్లమున్నది గనుక మధుమేహము గలవారు ఉత్త వేయించిన పప్పే తినవలెను. మునగాకు, సజ్జలు, ఉలవలు ఇంటి వంటలో చేరినచో మరింత మేలు.

పడుగులో పోగు తెగినచో ఎక్కడ తెగినదో చూచి అతుకుదుము గాని, అచ్చు మార్చము గదా. ఒంటి సంగతియు అంతే. ఇంటిలోని స్త్రీలందరికీ ఈ నెలలోనే రక్తపరీక్ష చేయింపవలెనని మనవి.

— కార్యదర్శి