ముందుకు తిప్పిన కార్ సీటు, వెనకాల మరిచిపోయిన పట్టీ

ఈ వారం పిల్లల కార్ సీటు గురించి, అందులోనూ పిల్లల్ని ముందుకు చూసేట్టు కూచోబెట్టే సీటు గురించి చెప్పుకుందాం. నేను చెప్పేవి అమెరికాలో నడిచే కార్లకీ, ఇక్కడ అమ్మే సీట్లకీ వర్తించే మాటలు. లండన్ నుంచో దుబాయ్ నుంచో వింటున్నవాళ్ళు అక్కడి పద్ధతి విడిగా కనుక్కోవాలి.

ముందు, అసలు తిప్పే వేళయిందా అని చూసుకోవాలి. మన ఇళ్ళల్లో మొదటి పుట్టినరోజు కాగానే ఈ మాట మొదలవుతుంది. "పాపం, కాళ్ళు ముడుచుకుపోతున్నాయే, ఇటు తిప్పరాదూ" అంటుంది అమ్మమ్మ. కాళ్ళు ముడుచుకుంటే ఏమీ కాదు. భయమంతా మెడ గురించే. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దుకున్నప్పుడు, వెనక్కి చూస్తూ కూచున్న పిల్లకి తల, మెడ, వీపు అన్నిటినీ సీటే కాస్తుంది. ముందుకు చూస్తున్న పిల్లకి ఒంటిని పట్టీలు ఆపుతాయి గానీ తల విసిరినట్టు ముందుకు పోతుంది. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011లో రెండేళ్ళదాకా తిప్పవద్దంది. 2018లో ఆ వయసు లెక్క కూడా తీసేసి, సీటు మీద రాసిన బరువో ఎత్తో దాటేదాకా వెనక్కే ఉంచమంది. ఇప్పుడు వచ్చే పెద్ద సీట్లలో చాలావాటికి ఆ బరువు 40 పౌన్లు. అంత బరువు మన పిల్లలకి అంత తొందరగా రాదు.

సరే, ఆ హద్దు దాటింది, తిప్పారు. మా ఊరి గుడి పార్కింగ్ లాటులో అప్పుడప్పుడు పిల్లల సీట్లు చూసిపెట్టే వాలంటీర్లలో నేనూ ఒకదాన్ని. ముందుకు తిప్పిన సీట్లలో నాకు పదే పదే కనిపించేది ఒకటుంది. సీటు వీపు వెనకాల, పైన, చివర కొక్కెం ఉన్న ఒక పట్టీ. కొన్ననాడు చుట్టిపెట్టిన చుట్ట చుట్టినట్టే ఉంటుంది. దాన్నే టెదర్ అంటారు. "అదేదో ఎక్స్‌ట్రా అనుకున్నామండీ" అంటారు. ఎక్స్‌ట్రా కాదు. కింద ఎంత బిగించినా, గుద్దుకున్న క్షణంలో సీటు పైభాగం ముందుకు వంగుతుంది. టెదర్ బిగించి ఉంటే పిల్లవాడి తల ముందుకు పోయే దూరం 4 నుంచి 6 అంగుళాలు తగ్గుతుంది. వాడి నుదురు ముందు సీటుకి తగలడమూ తగలకపోవడమూ ఒక్కోసారి ఆ అంగుళాల్లోనే ఉంటుంది. గంటకి 30 మైళ్ళ వేగంలో గుద్దుకోవడమంటే 30 అడుగుల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినట్టు లెక్క. ఆ వేగం హైవేది కూడా కాదు, మన ఇంటినుంచి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళే దారిది.

ఆ కొక్కెం ఎక్కడ తగిలించాలి? సెడాన్ అయితే వెనక అద్దం కింద ఉండే పలక మీద, చిన్న ప్లాస్టిక్ మూత కింద, లంగరు బొమ్మతో ఉంటుంది. మినీవ్యానుల్లో, పెద్ద కార్లలో సీటు వీపు వెనకాలో, నేల మీదో, కొన్నిటిలో పైకప్పులోనో ఉంటుంది. సామాను కట్టుకునే కొక్కేలు కూడా అక్కడే ఉంటాయి, అచ్చం ఇలాగే కనిపిస్తాయి. వాటికి తగిలిస్తే తగిలించనట్టే. కారు మాన్యువల్ తీసి చూడండి. 2003 మోడల్ నుంచి వచ్చిన కార్లలో ఈ టెదర్ యాంకర్లూ, సీటు సందులో ఉండే కింది యాంకర్లూ దాదాపు అన్నిట్లోనూ ఉన్నాయి.

కింది యాంకర్లు వాడాలా, కారు సీటు బెల్టు వాడాలా అని అందరూ అడుగుతారు. రెండూ ఒకటే, ఏది గట్టిగా బిగిస్తే అది. రెండూ కలిపి మాత్రం వాడకూడదు, మాన్యువళ్ళు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప. పిల్లవాడి బరువూ సీటు బరువూ కలిపి సుమారు 65 పౌన్లు అయ్యేసరికి కింది యాంకర్లు మానేసి బెల్టుకి మారాలి. 20 పౌన్ల సీటైతే పిల్లవాడు 45 పౌన్లు వచ్చేసరికన్నమాట. ఖచ్చితమైన అంకె సీటు లేబుల్ మీదే ఉంటుంది. దేనితో బిగించినా టెదర్ ఉండాల్సిందే.

బెల్టుతో అయితే, చాలా కార్లలో దాన్ని మెల్లగా చివరంటా బయటికి లాగి వదిలితే టిక్ టిక్‌మంటూ లోపలికి పోతుంది, మళ్ళీ బయటికి రాదు. అప్పుడు లాక్ అయినట్టు. ముందు టెదర్ వదులుగా తగిలించి, సీటు మీద మోకాలో చెయ్యో గట్టిగా అదిమి బెల్టు బిగించి, ఆఖరున టెదర్ బిగించండి. తరవాత బెల్టు దూరిన చోట సీటుని పట్టుకుని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ కదపండి. అంగుళం కన్నా ఎక్కువ కదిలితే మళ్ళీ మొదలు. పైన పట్టుకుని ఊపి కంగారు పడకండి, చూడాల్సిన చోటు అది కాదు.

ఇక పిల్లవాడి పట్టీలు. ముందుకు తిప్పినప్పుడు అవి భుజాలకి సమానంగా గానీ కాస్త పైనుంచి గానీ రావాలి. వెనక్కి ఉన్నప్పుడు భుజాల కిందనుంచి వచ్చేవి కదా, తిప్పిననాడే మార్చాలి. ఛాతీ మీది క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత చిక్కకూడదు. స్నో జాకెట్ వేసి బిగిస్తే బిగించినట్టే కనిపిస్తుంది. గుద్దుకున్నప్పుడు జాకెట్ నలిగిపోయి ఆ జాగా అంతా వదులవుతుంది. జాకెట్ విప్పి బిగించి, దాన్నే పైన దుప్పటిలా కప్పండి. పండగపూట నాలుగు పొరల పట్టు పరికిణీ అయినా అంతే, గుడికి వెళ్ళాక మార్చుకోవచ్చు.

వెనక పిల్లవాడి పక్కన కూచునేది ఎక్కువగా ఇండియానుంచి వచ్చిన తాతయ్యా అమ్మమ్మలే. వాడు ఏడిస్తే వాళ్ళ ప్రాణం ఆగదు. "ఇక్కడికే కదే" అంటూ పట్టీ వదులు చేస్తారు, లేకపోతే తీసి ఒళ్ళో కూచోబెట్టుకుంటారు. రూల్సనీ, పోలీసులనీ చెబితే వినరు, ఇంకా మొండికేస్తారు. ఆ మూడంతస్తుల మేడ లెక్క చెప్పండి. అంత వేగంలో 30 పౌన్ల పిల్లని ఎవరి చేతులూ ఆపలేవు.

ఎవరో ఇచ్చిన పాత సీటైతే గడువు తేదీ చూడండి, యాక్సిడెంట్లో ఉన్నదేమో అడగండి. చెప్పలేకపోతే తీసుకోవద్దు. మీరు బిగించింది సరిగ్గా ఉందో లేదో చూపించుకోవాలంటే శిక్షణ పొందిన టెక్నీషియన్లు ఉన్నారు, చాలాచోట్ల డబ్బు తీసుకోరు. సేఫ్ కిడ్స్ వాళ్ళ వెబ్‌సైటులో మీ ఊరి వివరాలు దొరుకుతాయి. ఫైర్ స్టేషన్లన్నిటిలోనూ ఉండరు కాబట్టి ముందు ఫోన్ చెయ్యండి. వాళ్ళు బిగించి ఇవ్వరు, మీ చేతనే చేయిస్తారు. పిల్లవాణ్ణీ, కారువీ సీటువీ రెండు మాన్యువళ్ళూ తీసుకెళ్ళండి. అమ్మమ్మగారు ఇక్కడే ఉంటే ఆవిణ్ణి కూడా.