తెరమీది బుట్టబంతి – దాడి యెత్తులు

ఈనాటి ప్రసంగ విషయము వినినంతనే మీలో కొందరికి నవ్వు రావచ్చును. వీడియో ఆటలో బంతిని బుట్టలో వేయు నేర్పును గూర్చి మనుమలను ఎత్తిన వారికి చెప్పనేల యని అడుగవచ్చును. కాని 2022వ సంవత్సరమున అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరము ప్రాంతమందును, మరి యే ప్రాంతమందైనను, సాయంకాలమగుసరికి పిల్లలు టెలివిజను ముందో, ఫోను ముందో గుమిగూడుట మీరు చూచుచున్నదే. “చాలు, కట్టిపెట్టుము” అనుటకు తాతకు అధికారము కలదు. ఐనను, దేనిని కట్టిపెట్టుమనుచున్నాడో తెలిసి అన్నచో ఆ మాటకు బరువు హెచ్చు. అంతేకాదు, చెడుగుడు చూచి పండిన కన్నున్న పెద్దవాడు, ప్రక్కన కూర్చుండి పది నిమిషములు చూచెనేని, ఆడు పిల్లవాడు ఎందుకు ఓడుచున్నాడో వానికంటె ముందు తానే కనిపెట్టగలడు. అది యెట్లో మనవి చేసెదను.

ముందు అసలాట. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్సు నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు 1891 డిసెంబరులో, శీతకాలమున పిల్లలు ఇంటిలోపల ఆడుకొనుటకై దీనిని కల్పించెను. పీచు పండ్ల బుట్టలు రెండింటిని 10 అడుగుల ఎత్తున కొట్టించెను. బుట్ట పోయి ఇనుప వలయము వచ్చినది గాని, ఆ 10 అడుగులు నేటికిని మారలేదు. ప్రక్కకు ఐదుగురు. అమెరికా వృత్తి పోటీలలో ఆటస్థలము 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. దగ్గరనుండి వేసిన 2 పాళ్ళు, దూరపు గీత వెలుపలినుండి వేసిన 3 పాళ్ళు. ఈ మూడుపాళ్ళ పద్ధతి ఆ పోటీలలో 1979లో ప్రవేశించినది.

ఇంకొక నియమము మన ప్రసంగమునకు ప్రాణము. బంతి చేతికి వచ్చిన జట్టు 24 సెకనులలోగా బుట్టకు వేయవలెను. దీని పుట్టుక వినదగినది. 1950 నవంబరు 22వ తేదీన ఫోర్ట్‌వేన్ జట్టు, బలాఢ్యులైన మినియాపొలిసు వారిని ఎదిరింపలేక, బంతిని చంకలో పెట్టుకొన్నట్లు ఊరక పట్టుకొని కూర్చుండెను. 48 నిమిషముల ఆట 19–18 పాళ్ళతో ముగిసినది. గెలిచినది పట్టుకొని కూర్చున్నవారే! డబ్బిచ్చి చూడవచ్చినవారు ఎంత విసిగిరో చెప్పనక్కరలేదు. తుదకు 1954లో సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ ఒక లెక్క కట్టెను. చూడసొంపైన ఆటలో ఉభయపక్షములు కలిసి సుమారు 120 సారులు బుట్టకు వేయుదురు, ఆట మొత్తము 2880 సెకనులు, భాగించినచో 24. ఇంత సులువైన భాగాహారము ఒక యాటను బ్రతికించినది.

ఇక తెరమీది యాట. ఈ కోవలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1999లో ఆరంభమై ఏటేట క్రొత్త కూర్పుగా వెలువడుచున్న ‘ఎన్.బి.ఎ. 2కె’ అనునది. అందులో నిజమైన ఆటగాండ్ర రూపములే తెరపై పరుగెత్తును. పిల్లవాడు రెండు చేతులతో పట్టుకొన్న మీటల పెట్టెకు కంట్రోలరు అని పేరు. జట్టున ఐదుగురున్నను వాడు ఆడించునది ఒక్కనినే, అనగా బంతి గలవానిని. బంతిని మరియొకనికి అందించినచో వాని అధికారమును ఆ రెండవవానిలోనికి పోవును. పరకాయప్రవేశమన్న మాట! తక్కిన నలుగురిని యంత్రము నడపుచుండును.

ఇక్కడనే మన పిల్లలు పొరబడుదురు. చెడుగుడులో కూతకు పోవువాడు ఒంటరివాడు. ఏడుగురి మధ్యకు తానొక్కడే పోయి, ఊపిరి బిగబట్టి, ఎవనినో ఒకనిని తాకి గీతకు మరలవలెను. ఆ యొంటరి సాహసము మన రక్తములో నున్నది. 2014లో విశాఖపట్టణము కేంద్రముగా ‘తెలుగు టైటన్స్’ అను కబడ్డీ జట్టు పుట్టినప్పుడు జనులు కేకలు వేసినది ఆ కూతగాండ్రను చూచియే. కాని బుట్టబంతిలో కూత లేదు. ఒక్కడే బంతిని నేలకు కొట్టుకొనుచు ఐదుగురి మధ్యకు దూరినచో గొలుసుకట్టులో చిక్కిన కూతగానివలె పట్టుబడును. పిల్లవాడు పరుగుమీటను వదలకుండ నొక్కుచు, తాను మెచ్చిన ఆటగానిని నేరుగా బుట్టమీదికి తోలుచుండుట మీరు చూతురు. ఆ మీటను నొక్కినకొలది తెరమీది మనిషి అలసట హెచ్చును, అలసినవాని గురి తప్పును. రెండుసారులు అదృష్టము కలిసివచ్చును. మూడవసారి బంతి ఎదుటివాని చేతిలో నుండును.

మరి యేమి చేయవలెను? అన్ని యెత్తులకు తల్లివంటి యెత్తు ఒకటి కలదు. దానిని ‘పిక్ అండ్ రోల్’ అందురు. ‘అడ్డునిలిచి, మరలి పరుగెత్తుట’ అని మనము చెప్పుకొందము. బంతి గలవాని యెదుట వాని కావలివాడు నిలిచియుండును. పిల్లవాడు పెట్టెపై ఎడమ చూపుడువ్రేలి క్రింది మీటను నొక్కిపట్టగనే, జట్టులోని పొడగరి యొకడు వచ్చి ఆ కావలివాని ప్రక్కన స్తంభమువలె నిలుచును. (ఫోనులో మీటలు వేరు, ఎత్తు మాత్రము ఒక్కటే.) అప్పుడు బంతి గలవాడు ఆ పొడగరి భుజమును రాచుకొనుచున్నట్లు ప్రక్కనుండి పోవలెను. నడుమ మూరెడు సందున్నను కావలివాడు దూరివచ్చును. సందు లేనిచో ఆ స్తంభమునకు తగిలి ఒక అడుగు వెనుకబడును. ఎత్తు యొక్క ఫలమంతయు ఆ ఒక్క అడుగే.

ఇందు కీలకము తొందరపడకుండుట. పొడగరి వచ్చి కదలక నిలిచినపిదపనే పోవలెను. వాడింకను నడుచుచుండగా బంతి గలవాడు ముందే పరుగెత్తినచో అడ్డు లేదు, లాభమును లేదు. అడ్డువాడు కదలుచు తగిలెనేని తప్పుగా లెక్కించి బంతిని ఎదుటివారికి ఇత్తురు. బెల్లము వండు పెనము దగ్గర కూర్చున్నవారికి నేను చెప్పవలసిన పని లేదు. పాకము రాకముందు దించినచో ముద్ద కట్టదు, దాటిన పిదప దించినచో మాడును. ఇక్కడను పాకమున్నది, కాకపోతే అది గంటలలో గాక అరసెకనులో వచ్చి పోవును.

అడ్డు పడినపిదప ఎదుటి పక్షము చేయగలిగినది మితము. బంతి గలవాని కావలివాడు అడ్డునకు వెనుకగా చుట్టి వచ్చినచో, వానికిని మనవానికిని నడుమ ఎడము కలుగును. నిలుచుండి దూరమునుండియే వేయవలెను. అడ్డునకు ముందుగా వెంబడించినచో, వాడు వెన్నంటి పడియుండును గాన నేరుగా బుట్టకు పోవలెను. ఇద్దరు కావలివారును మనుషులను మార్చుకొన్నచో, పొట్టివాడు మన పొడగరికి కావలి యగును. బంతిని ఎత్తుగా ఆ పొడగరికి అందింపవలెను. ఇద్దరును బంతిమీదనే పడినచో, అడ్డునిలిచిన పొడగరి అప్పటికే మరలి బుట్టవైపు ఖాళీగా పరుగెత్తుచుండును, బంతి వానిది. ఇవి గాక, మూలనున్న మూడవ కావలివాడు సాయమునకు పరుగెత్తివచ్చెనా, వాడు విడిచిన మూలలో మనవాడొకడు ఒంటరిగా నిలిచి యుండును. అక్కడినుండి వేసిన 3 పాళ్ళు. కనుక పిల్లవాడు చూడవలసినది బంతిని కాదు, కావలివారి పాదములను. వారేమి చేసిన దానికి విరుగుడు చేయుటయే తప్ప, ముందుగా నిశ్చయించుకొని పోరాదు.

యూటా జట్టున జాన్ స్టాక్‌టన్, కార్ల్ మలోన్ అను నిద్దరు 1985 మొదలు 2003 వరకు కలిసి ఈ యొక్క యెత్తునే అరగదీసిరి. వచ్చుచున్నదని ఎదుటివారికి తెలియును, ఐనను ఆపలేకపోయిరి. తోటివారు బుట్టలో వేయుటకు బంతిని అందించిన లెక్కలో స్టాక్‌టన్‌ది 15,806. అమెరికా పోటీలలో ఆ సంఖ్యను ఎవరును దాటలేదు. పాపము, 1997లోను 1998లోను తుదిపోరున షికాగోవారి చేతిలో ఓడుటచే వారికి కిరీటము మాత్రము దక్కలేదు.

తక్కిన యెత్తులలో ఒకదాని పేరు మీకు నచ్చును: ‘హార్న్స్’, అనగా కొమ్ములు. బంతి గలవాడు నడుమ పైన. పొడగరులిద్దరు వానికిని బుట్టకును మధ్య, ఇరుప్రక్కల. మిగిలిన ఇద్దరు దూరముగా రెండు మూలల. పైనుండి చూచినచో ఎద్దు తలయు కొమ్ములును కనబడును. నడపువాడు ఏ కొమ్ము ప్రక్కకైన తిరుగవచ్చును గాన ఎదుటివాడు ముందుగా కనిపెట్టలేడు. తెరమీది యాటలో అట్టి యెత్తును పిలుచు మీట కలదు. పిలిచినంతనే ఎవడెటు పోవలెనో నేలమీద గీతలు కనబడును. గీతలను జూచి పిల్లవాడు మురియును గాని, వానివెంట తోటివారు చేరుటకు నాలుగైదు సెకనులు పట్టునని ఓపిక పట్టడు. గడియారములో పది సెకనులు కరిగిన పిదప పిలిచిన యెత్తు పూర్తి కాదు. కావున నడుమ గీత దాటగనే పిలువవలెను.

మూలలవారు మూలలనే యుండవలెననుట మరువరాదు. నాట్లలో మొలకకును మొలకకును ఎడమెందుకో మీకు తెలియును. ఐదుగురును బుట్టక్రిందికి చేరినచో ఒక్క కావలివాడు ఇద్దరిని కాచును. చెదరి నిలిచినచో ఒక్కొక్కనికి ఒక్కొక్కడు కావలసివచ్చి నడుమ త్రోవ తెరచుకొనును.

కావలివాడు మరీ మీదికి వచ్చి బంతి అందకుండ చేయుచున్నాడా? దానికి దొడ్డిత్రోవ కలదు. బంతిని అందుకొనబోవునట్లు ఒక అడుగు ముందుకు వేసి, చటుక్కున వాని వెనుకనుండి బుట్టకు పరుగెత్తుట. అత్యుత్సాహియైన కావలివానికి ఇదే మందు. కాని ఏ యెత్తైనను వరుసగా నాలుగుసారులు వేయరాదు. ఎదుట ఆడువాడు మనుష్యుడైనచో మూడవసారికే పసిగట్టును.

ఒక మాట డబ్బును గూర్చి. డబ్బొడ్డి ఆడు ఆన్‌లైను పందెములను మన రాష్ట్రమున 2020లోను, దేశమంతట చెల్లునట్లు 2025లోను చట్టముచే నిషేధించిరి. ఈ యాట ఆ కోవలోనిది కాదు. ఐనను ఇందులో మేటి ఆటగాండ్ర బొమ్మలు గల పొట్లములు అసలు రూపాయలకు అమ్ముదురు. పొట్లములో ఎవడు వచ్చునో విప్పినదాక తెలియదు. “తాతా, బలమైనవాడు లేక ఓడుచున్నాను” అని మనుమడు డబ్బడిగినప్పుడు, ఒక యాట చూతునని ప్రక్కన కూర్చుండుడు. అడ్డువాడు నిలువకముందే వాడు పరుగెత్తుచున్నచో, ఎంత బలమైనవానిని కొనియిచ్చినను ఓటమి తప్పదు. “వాడు వచ్చి నిలువనీ, అప్పుడు పో” అని ఒక్క మాట చెప్పి చూడుడు.

లెక్క ప్రియమైనవారికి చివర ఒకటి. ఆటలోని ఒక భాగము ముగియుటకు ఇంక 35 సెకనులున్నవి, బంతి మనది. పిల్లవాండ్రు చాలమంది 24 సెకనులును వాడుకొందురు. అప్పుడు మిగిలిన 11 సెకనులు ఎదుటివారివి, అంతటితో సరి. అట్లుగాక 5 సెకనులలో మంచి యవకాశము చూచి వేసినచో 30 మిగులును. ఎదుటివారు ఎంత సాగదీసినను 24కు మించి పట్టుకొనలేరు. తక్కిన ఆరు సెకనులును బంతియు మరల మన చేతిలోనికే వచ్చును.